ఎర్రకోటు వెనక వెదురు బుట్ట

కల్నల్ కాలిన్ మెకంజీ చిత్తరువు మీద రాస్తామంటే మిత్రులు కొందరు పెదవి విరిచారు. చచ్చి రెండు వందల ఏళ్లు దాటిన తెల్లదొర బొమ్మతో దళితులకి ఏం పని అని వాళ్ల ప్రశ్న. పని ఉంది. కైఫీయతుల మాట వచ్చినా, తెలుగు చరిత్ర రచన ఎక్కడ మొదలయిందనే చర్చ వచ్చినా పండితులు మన ముందు పెట్టే బొమ్మ అదే. ఆ బొమ్మని ఎట్లా చూడాలో కూడా వాళ్లే చెప్పి పెట్టారు. మేము మరో రకంగా చూస్తాం.

బొమ్మ వేసిన థామస్ హికీ ఐర్లండువాడు. 1741లో డబ్లిన్‌లో పుట్టాడు, 1824లో మద్రాసులో పోయాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక, టిప్పుని ఓడించిన ఆఫీసర్ల ముఖాలని వరసబెట్టి సుద్దముక్కలతో గీసిన మనిషి. అంటే గెలిచినవాళ్ల చిత్రకారుడు. మెకంజీ స్కాట్లండు పడమటి దీవుల్లో ఒకటైన లూయిస్‌లో పుట్టి, 1783లో కంపెనీ కొలువుకి మద్రాసు వచ్చినవాడు. వృత్తి ఇంజనీరు. నిజాం సైన్యంతో కలిసి శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. తర్వాత దాదాపు పదేళ్లు మైసూరు సర్వే నడిపాడు. 1815లో ఇండియా మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ మరుసటి ఏడు, 1816లో, మద్రాసులో హికీ ముందు నిలబడ్డాడు.

బొమ్మ పెద్దదేం కాదు, రెండడుగుల ఎత్తు కూడా లేదు. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ దగ్గర ఉంది. నడిమధ్యన ఎర్రకోటుతో దొర. ఆయన్ని చుట్టి ముగ్గురు దేశీయులు. ఒకాయన చేతిలో తాటాకుల పుస్తకం, ఒకాయన చేతిలో దుర్భిణి. సాధారణంగా ఆ ముగ్గురికీ చెప్పే పేర్లు ఇవి: జైన పండితుడు ధర్మయ్య, బంట్రోతు కిష్ణాజీ, ఏలూరి నియోగి బ్రాహ్మడు కావలి వెంకట లక్ష్మయ్య. వెనక దూరంగా కొండ మీద కార్కళలోని గోమఠేశ్వరుడు, 1432లో చెక్కిన ఏకశిలా విగ్రహం. ఒంటి మీద నూలుపోగు లేని దేవుడు. బొమ్మ మొత్తంలో బట్టలతో హోదాతో పనిలేనివాడు ఆయనొక్కడే! ఆ వెనకే ఇంకొకటి కూడా ఉంది. నిటారుగా నిలబెట్టిన ఒక గడ, గడ చివర ఒక బుట్ట. సర్వేవాళ్లు దూరం నుంచి గురి చూసుకోడానికి పాతే గుర్తు అది. దాని దగ్గర మాత్రం మనిషి లేడు.

ఈ బొమ్మ మీద ఇప్పటిదాకా నడిచిన ఆలోచన రెండు రకాలు. మొదటిది పాత పెద్దలది. మెకంజీ మహానుభావుడు, ఊరూరా చరిత్ర పోగుచేయించాడు, ఆయనే లేకపోతే మన గతం చెదలు తినిపోయేది అని. ఇందులో అబద్ధం తక్కువే, కానీ నిజం కూడా సగమే. రెండోది ఇటీవలి విశ్వవిద్యాలయాల వాళ్లది. బెర్నార్డ్ కోన్, నికొలస్ డర్క్స్ దగ్గర్నుంచి మొదలయి, వలసపాలన జ్ఞానాన్ని ఎట్లా తయారుచేసిందీ, అందులో దేశీయ సహాయకుల శ్రమ ఎట్లా మరుగున పడిందీ చెప్పిన ధోరణి. దీనికి మేము రుణపడి ఉన్నాం. దొర ఎర్రకోటు వెనక కావలి బొర్రయ్య ఉన్నాడని, 1803లో చిన్న వయసులోనే పోయిన ఆ మనిషి లేకపోతే మెకంజీకి దక్కను తలుపులు తెరుచుకునేవి కావని గట్టిగా చెప్పినవాళ్లు వీళ్లే. మెకంజీ 1821లో పోయాక లక్ష్మయ్య ఆ పనిని తానే కొనసాగిస్తానని అర్జీ పెట్టుకుంటే, 1830లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో ప్రిన్సెప్ వాళ్లు ఇంత పెద్ద పని నేటివు వల్ల కాదని తోసిపుచ్చిన సంగతి కూడా ఇప్పుడు అందరూ రాస్తున్నారు. రాయాల్సిందే. అది అవమానమే.

అయితే మా పేచీ ఏమిటంటే, 'మరుగున పడిన శ్రమ' అని వీళ్లు వెతుక్కుంటూ వెళ్లి, బ్రాహ్మడి దగ్గర ఆగిపోయారు. దొర వెనక గుమాస్తా దొరికాడు, సంతోషం. గుమాస్తా వెనక ఎవరు? ఏలూరి నియోగి ఊళ్లకి వెళ్లి ఎవర్ని అడిగాడు? కరణాన్ని. తెలుగునాట కరణం ఎవరు? ఎక్కువచోట్ల ఇంకో నియోగి. కవిలె కట్టలు ఆయన ఇంట్లో ఉంటాయి. అంటే ఒక నియోగి నోట చెప్పింది ఇంకో నియోగి చేత రాసుకుంటే, దాన్ని దొర సంతకం కింద మద్రాసు పంపితే, దాని పేరు ఊరి చరిత్ర! ఆ ఊళ్లో మాలపల్లె, మాదిగగూడెం ఎక్కడన్నా కనిపిస్తే గ్రామ నౌకర్ల మాన్యాల లెక్కల్లో కనిపించాలి. కైఫీయతుల్ని పారెయ్యమని మేము అనడం లేదు. వాటిని చదివే చూపు కరణం అరుగు మీదే ఆగిపోతోందని అంటున్నాం. చిత్తరువు చూడ్డంలో కూడా అదే జరుగుతోంది.

ముందు కోటు సంగతి చూద్దాం. బొమ్మలో కంటికి మొదట కొట్టేది ఆ ఎరుపే. హికీ దాన్ని కావాలనే మధ్యలో పెట్టాడు. పక్కవాళ్లు తెల్లని, లేతరంగు గుడ్డల్లో ఉంటే కోటు ఇంకా మండుతుంది. ఆ రంగు ఎక్కడిది? ఇంగ్లీషు సైన్యంలో ఆఫీసరు ఎరుపు వేరు, మామూలు సిపాయి ఎరుపు వేరు. సిపాయి కోటు మంజిష్ఠ వేరుతో అద్దింది, కొన్నాళ్లకి ఇటుకపొడిలా వెలిసిపోతుంది. ఆఫీసరు కోటు సన్నని ఉన్ని, దానికి కోచినీల్ అనే పురుగు రంగు. మెక్సికోలో వహాకా ప్రాంతంలో నాగజెముడు జాతి చెట్ల మీద ఆ పురుగుని పెంచేవారు. పెంచేది అక్కడి ఆదివాసులు, అమ్ముకునేది స్పెయిన్ దొరలు. పౌను రంగుకి సుమారు 70 వేల పురుగులు కావాలి. ఒక్కొక్కదాన్నీ చెట్టు మీంచి చేత్తో దులిపి, ఎండబెట్టాలి. స్పెయిన్ చేతిలోంచి ఈ వ్యాపారం లాక్కోవాలని కంపెనీ కూడా ఆశపడింది. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టరు 1780లలో సైదాపేటలో ఇందుకోసం ఒక తోట వేయించాడు. 1795లో ఓడ మీద పురుగు వచ్చింది గాని అది నాసిరకం, మెక్సికో పురుగు కాదు. పని కాలేదు. మెకంజీ ఒంటి మీది ఎరుపు అట్లా రెండు సముద్రాలు దాటి, అమెరికా ఆదివాసి గోళ్ల నుంచి వచ్చింది. ఈ దేశపు అంటరానివాడి చేయి, ఆ దేశపు ఆదివాసి చేయి ఒకే కోటులో కలుస్తాయి, బొమ్మలో మాత్రం ఎవరూ ఉండరు.

ఇక సిపాయి కోటు. ఇది చదువుకోవాల్సిన కథ. కంపెనీ సిపాయికి కోటు ఊరకే ఇవ్వలేదు. నెలనెలా జీతంలో కోత కోసి ఆ డబ్బుతో బట్టలు కుట్టించేది. కుట్టించగా మిగిలిన సొమ్ము ఖజానాకి పోదు, పై ఆఫీసర్లు వాటాలు వేసుకునేవారు. దీనికి ఆఫ్-రెకనింగ్స్ అని మర్యాదయిన పేరు కూడా ఉంది. బట్ట ఎంత నాసిదయితే వాటా అంత లావు. ఆ రోజుల్లో ఒక సీనియర్ ఆఫీసరు నిగనిగలాడే కోటు వేసుకుని చిత్తరువుకి నిలబడ్డాడంటే, ఆ నిగనిగలో సిపాయి జీతం కోత ఎంతుందో లెక్కకట్టడం కష్టంగానీ, లేదని మాత్రం ఎవరూ అనలేరు. యూనిఫాం అంటే అందర్నీ సమానం చేసే బట్ట అని మనవాళ్లు కొందరు మురిసిపోతుంటారు. రంగు ఒకటే, అద్దకం వేరు. కోటు ఒకటే, డబ్బు ఎవరిది అనేది వేరు.

చిత్రకళ లోపలే ఇంకో దాపరికం ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో పేరున్న చిత్రకారుడు వేసేది ముఖం. కొంచెం దయ కలిగితే చేతులు. బట్టలు వేసేవాడు వేరే. దొర రెండుమూడు సార్లు వచ్చి కూచుని వెళ్లిపోతాడు, కోటు మాత్రం పంపుతాడు. ఆ కోటుని ఒక కొయ్యబొమ్మకి తొడిగి, గుండీ గుండీ, జలతారు పోగు పోగు, రోజుల తరబడి కూచుని వేసే కూలి చిత్రకారులు ఉండేవారు. జోసెఫ్ వాన్ ఆకెన్ అని ఒకడు. అలన్ రామ్సే బొమ్మల్లోని బట్టలూ థామస్ హడ్సన్ బొమ్మల్లోని బట్టలూ వేసింది ఆయనే. ఇద్దరూ పోటీదార్లు! 1749లో వాన్ ఆకెన్ పోతే, పేరున్న చిత్రకారులంతా ఇక మా గతేమిటని ఏడుస్తూ శవం వెంట నడుస్తున్నట్టు వెక్కిరింపు బొమ్మ ఒకటి పుట్టింది. దాన్ని హోగార్త్ గీశాడని చెబుతారు. జాషువా రేనాల్డ్స్ దగ్గర పీటర్ టామ్స్ అదే పని చేశాడు. 1768లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు మొదటి సభ్యుల్లో ఆయనా ఉన్నాడు. చివరికి 1777లో ఆత్మహత్య చేసుకున్నాడు. సైనికాధికారి చిత్తరువులో అధికారం ఎక్కడుంది? ముఖంలో కాదు, కోటులో ఉంది. ముఖం తీసేసి కోటు ఉంచినా అది కల్నలే. కోటు తీసేసి ముఖం ఉంచితే ఎవరో ముసలాయన. బొమ్మకి అధికారం ఇచ్చిన భాగాన్ని వేసినవాడికి బొమ్మ మీద సంతకం లేదు. మన దగ్గరా ఇది కొత్త కాదు. రవివర్మ అంటాం, ఆయన పక్కన కూచుని కుంచె పట్టిన తమ్ముడు సి. రాజరాజవర్మ పేరు ఎందరికి గుర్తు? అది మరి క్షత్రియుల ఇంట్లో అన్నదమ్ముల గొడవ. వాళ్ల సంగతే ఇట్లా ఉంటే రంగు నూరినవాడి సంగతి అడగక్కర్లేదు.

మెకంజీ దగ్గర ఇంకో రకం బొమ్మలు కూడా ఉన్నాయి. వాటిని ఈ చిత్తరువు పక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. సర్వే మొదలయిన రోజుల్లో, 1800, 1801 ప్రాంతంలో, ఆయన కింద పనిచేసే చిత్రకారుల చేత బాలాఘాట్ కర్ణాటకం మనుషుల వేషధారణల బొమ్మల పుస్తకం ఒకటి తయారయింది. దర్బారు మనుషులు, బంట్రోతులు, సిపాయిలు, పూజారులు, రకరకాల కులాలవాళ్లు. ఇట్లాంటివి తంజావూరులో, మద్రాసులో, ఇంకా చాలా చోట్ల దొరలు కొనుక్కునేందుకు సెట్లు సెట్లుగా వేసి అమ్మేవారు. ఒక కాయితం మీద ఒక జంట, చేతిలో పనిముట్టు, కింద కులం పేరు. చెప్పులు కుట్టేవాడు, వాడి భార్య. నీళ్లు మోసేవాడు, వాడి భార్య. పేర్లుండవు.

ఈ రెండు రకాల బొమ్మల్ని పక్కపక్కన పెట్టండి. చిత్తరువులో పేరుంది, ముఖముంది, హోదా ఉంది, దుస్తులున్నాయి, పని కనిపించదు. సర్వేయర్ జనరల్ ఏం పని చేస్తాడో ఆ నిలబడ్డ తీరు చూసి చెప్పలేం. వేషాల పుస్తకంలో పనుంది, పనిముట్టుంది, బట్టలున్నాయి, పేరు లేదు. అక్కడి మనిషి మనిషి కాదు, ఒక కులానికి నమూనా. ఒకడి దుస్తులు అతన్ని వ్యక్తిని చేస్తే, ఇంకొకడి దుస్తులు అతన్ని జాతిని చేస్తాయి. శ్రమని దాచడం అంటే బొమ్మలోంచి తీసెయ్యడం ఒక్కటే కాదు. బాగా కనిపించేట్టు పెట్టి, చేసేవాడి పేరు తీసెయ్యడం కూడా దాచడమే. దళిత విమర్శకులు ఈ రెండోదాన్ని ఇంకా ఎక్కువ అనుమానంతో చూడాలని మా అభిప్రాయం. ఎందుకంటే 'ఇదిగో మీవాళ్లు కూడా ఉన్నారు' అని మనకి చూపించేది దాన్నే. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో ఫోటోల దాకా ఆ ధోరణే నడిచింది.

మనవాళ్ల బొమ్మలు మనవాళ్లు వేయించుకోలేదా అంటే, వేయించుకున్నారు. తెలంగాణలో చేర్యాల నకాషీలు వేసే పటాలు కులానికో కథ. మాదిగల కోసం డక్కలివాళ్లు ఆ పటం విప్పి జాంబపురాణం చెబుతారు. తోలు పని ఎట్లా వచ్చింది, అంటరానితనం ఎట్లా నెత్తిన పడింది అనేది అక్కడ దేవుళ్ల కథగా నడుస్తుంది. పటం ముందు కూచున్నవాళ్లకి అది తమ గురించిన కథ, బొమ్మలోవాళ్లు తమ పెద్దలు. ఆర్టు చరిత్రకారులు చిత్తరువుని చిత్రకళ కింద, పటాన్ని హస్తకళ కింద వేరువేరు గదుల్లో పెడతారు. ఈ గదుల విభజన ఎవరు చేశారో వేరే చెప్పక్కర్లేదు.

తోలు సంగతి వచ్చింది గనక వేలూరు దగ్గర కాస్త ఆగుదాం. సైనిక దుస్తులకీ కులానికీ ఉన్న ముడి అంత బాహాటంగా బయటపడ్డ చోటు ఇంకోటి లేదు. 1805 నవంబరులో మద్రాసు సేనాధిపతి జాన్ క్రాడక్ హయాంలో కొత్త నిబంధనలు వచ్చాయి. కవాతులో నుదుట కులం బొట్టు ఉండకూడదు, చెవిపోగులు ఉండకూడదు, గడ్డం గొరిగించుకోవాలి. ఆ వెంట కొత్త తలపాగా వచ్చింది, టోపీని పోలింది, దానికి తోలు కుచ్చు. ఒప్పుకోనివాళ్లకి కొరడాదెబ్బలు పడ్డాయి. 1806 జూలై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. వందమందికి పైగా ఇంగ్లీషువాళ్లు చచ్చారు. ఆర్కాటు నుంచి గుర్రపుదళంతో గిలెస్పీ వచ్చి పడ్డాక చచ్చిన సిపాయిల లెక్క వందల్లో. నిబంధనలు రద్దయ్యాయి. గవర్నరు విలియం బెంటింక్‌నీ క్రాడక్‌నీ వెనక్కి పిలిపించారు.

పాఠ్యపుస్తకాలు దీన్ని 'మతవిశ్వాసాలు దెబ్బతిన్నాయి' అని ఒక్క ముక్కలో తేలుస్తాయి. మాకు ఇక్కడ ఒక చిన్న ప్రశ్న ఉంది. అదే సిపాయి అప్పటికే ఛాతీ మీదుగా అడ్డంగా తోలు పటకాలు వేసుకుంటున్నాడు. తూటాల సంచీ తోలుదే. నడుముకి తోలు పనికొచ్చింది, భుజానికి పనికొచ్చింది, తలకి వచ్చేసరికి ప్రాణం పోయినా సరే అన్నాడు. దెబ్బ తిన్నది దేవుడి మీద విశ్వాసం మాత్రమే కాదు, ఒంటి మీద ఏది ఎక్కడ ఉండాలనే లెక్క. తల పైన, కాలు కింద. తోలు కాలికి, తలకి కాదు. చచ్చిన గొడ్డు తోలు తీసి, సున్నంలో నానేసి, తంగేడు చెక్కలో ఊరబెట్టి మెత్తబరిచిన చేతులకి ఊరి చివర ఏ చోటు ఇచ్చారో, ఆ చేతుల్లోంచి వచ్చిన వస్తువుకి ఒంటి మీద అదే చోటు ఇచ్చారు. దొర పెట్టిన అన్యాయం అన్యాయమే. కొరడాతో టోపీ పెట్టించడం ఏ కాలంలోనూ సమర్థించేది కాదు. అయితే తిరుగుబాటుని కీర్తించే ముందు, ఆ తోలు మీద పుట్టిన రోత ఎవరి చేతుల మీది రోత అనేది అడగాలి. ఇంగ్లీషువాడి మీద కోపంలో ఆ రోతకి కూడా దేశభక్తి పేరు పెట్టేశారు.

ఇక్కడ మావాళ్లలోనే ఉన్న ఇంకో ధోరణి గురించి చెప్పాలి. ఎర్రకోటు మనకి విముక్తి తెచ్చిందనే మాట. దీనికి ఆధారం లేకపోలేదు. ఇంగ్లీషువాళ్లు ఈ దేశాన్ని గెలిచిన మొదటి యుద్ధంలో దుసాధులు, చివరి యుద్ధంలో మహర్లు ఉన్నారని అంబేద్కరే రాశారు. కోరేగాం స్తంభం మీద మహర్ల పేర్లు 22 చెక్కి ఉన్నాయి. 1818 జనవరి 1న జరిగిన ఆ యుద్ధాన్ని తలుచుకోడానికి ఆయన 1927 జనవరి 1న అక్కడికి వెళ్లారు. వాళ్ల నాన్న రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో పంతులు. ఆ చదువు లేకపోతే ఈ చదువు లేదు. మన వైపు చూసినా, క్లైవు మద్రాసు నుంచి తీసికెళ్లిన సిపాయిల వల్ల ఉత్తరాదిన సిపాయినే 'తిలంగా' అని పిలిచే అలవాటు పుట్టింది. తెలుగువాడి పేరే యూనిఫాంకి పేరయింది. మద్రాసు పయనీరు దళాల్లో పరయర్లు, తక్కిన అంటరాని కులాలవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు.

కానీ పయనీరు చేతికి కంపెనీ ఏం ఇచ్చిందో చూడండి. ముందు పార ఇచ్చింది, ఆ తర్వాతే తుపాకీ. బాటలు వేయడం, కందకాలు తవ్వడం, తోపులు లాగే దారి చదును చేయడం. మెకంజీలాంటి ఇంజనీరు ఆఫీసరు కోట ముట్టడికి ప్లాను గీస్తే, ఆ గీతని నేల మీద తవ్వింది వీళ్లు. ఊళ్లో వెట్టి, సైన్యంలో పార. కోటు మారింది. పని ఎంత మారిందనేది వేరే ప్రశ్న. పోనీ ఆ కోటన్నా నిలిచిందా? 1880లలో మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ లాంటివాళ్లు దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తీర్పు చెప్పారు. 1892లో మహర్లని చేర్చుకోవడం ఆపేశారు. గోపాల్ బాబా వలంగ్కర్ అర్జీ రాసి మేమూ వీరులమేనని వేడుకోవాల్సి వచ్చింది. 'యుద్ధజాతులు' అనే మాటతో వర్ణవ్యవస్థ యూనిఫాం వేసుకుని తిరిగొచ్చింది. అందుకే ఎర్రకోటుని చూసి మురిసిపోవాల్సిన పనీ లేదు, పళ్లు కొరకాల్సిన పనీ లేదు. అది జీతం ఇచ్చింది, చదువు ఇచ్చింది, అక్కర తీరాక విప్పించుకుంది. అంబేద్కర్ విగ్రహాలకి మన పేటల్లో కోటు వేస్తాం, టై కడతాం, చేతిలో పుస్తకం పెడతాం. కత్తి పెట్టాలని ఎవరికీ తోచలేదు. జనానికి ఈ తేడా చరిత్రకారులకంటే ముందే తెలుసు.

మళ్లీ హికీ బొమ్మకి వద్దాం, వెనకున్న ఆ గడ దగ్గరికి.

సర్వే అంటే కొండ ఎక్కి దుర్భిణిలో చూడ్డం అని బొమ్మ చెబుతుంది. బంట్రోతుకి బొమ్మలో చోటు దొరికింది కూడా ఆ దుర్భిణి పట్టుకున్నందుకే. దుర్భిణిలో చూడాలంటే ఎదుటి కొండ మీద చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి. అందుకోసం ఎవరో ముందుగా ఆ కొండ ఎక్కాలి. శిఖరం మీద చెట్టూ చేమా కొట్టాలి. గడ మోసుకెళ్లి గొయ్యి తీసి పాతాలి. గాలికి పడిపోకుండా కాపలా కాయాలి, ఎన్ని రోజులైనా, జ్వరం వచ్చినా. మెకంజీ పనికి సమాంతరంగా లాంబ్టన్ నడిపిన త్రికోణమితి సర్వేలో పెద్ద థియొడొలైటు అర టన్ను బరువు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి దాన్ని తాళ్లతో లాగుతుంటే తాడు తెగి, యంత్రం గోడకి కొట్టుకుని పాడయిపోయింది. ఆ యంత్రాన్ని లాంబ్టన్ తన చేత్తో ఎంత ఓపిగ్గా బాగుచేసుకున్నాడో ప్రతి పుస్తకంలోనూ ఉంది. తాడు పట్టుకున్నవాళ్లకి ఏమయిందో ఏ పుస్తకమూ పట్టించుకోదు. ఫిలిమోర్ అనే సర్వే ఆఫీసరు 1945 నుంచి సంపుటాలు సంపుటాలుగా సర్వే చరిత్ర రాశాడు, గొప్ప పని. ప్రతి సంపుటం చివరా సర్వేయర్ల జీవితకథలున్నాయి. దాదాపు అందరూ యూరోపియన్లే. ఖలాసీల జీవితకథలు రాయాలని ఆయనకి తోచే అవకాశమే లేదు.

ఇక గడ చివరి బుట్ట. వెదురు చీల్చి బద్దలు తీసి అల్లిన బుట్ట అది. మేదర్ల పని. భారతదేశపు పటం మొదటి గీతలకి గురి కుదిరింది సంతలో దొరికే ఒక బుట్ట మీద. హికీ దాన్ని వదిలెయ్యకుండా వేశాడు, అందుకు ఆయన్ని మెచ్చుకుంటాం. మనిషిని వదిలేసి బుట్టని వేసినందుకు మెచ్చుకోలేం.

సరిహద్దుల సంగతి మరీ విచిత్రం. మైసూరు రాజ్యపు హద్దులు తేల్చడం మెకంజీ సర్వే అసలు పని. ఊరికీ ఊరికీ మధ్య హద్దు ఎక్కడుందో అప్పటికే తెలిసిన మనిషి ఒకడు ఆ దేశంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. కుళువాడి అంటారు. కులం హొలెయ, అంటే మన మాలల్లాంటి అంటరాని కులం. 1870లలో అదే ఇంటిపేరున్న ఇంకో మెకంజీ, కెప్టెన్ జె.ఎస్.ఎఫ్. మెకంజీ, హాసన్ వైపు చూసిన సంగతులు రాశాడు. హద్దు తగాదా వస్తే ప్రమాణం చేసి చెప్పే అర్హత కుళువాడిది. ఊరి మట్టిని నీళ్లతో ముద్ద చేసి నెత్తిన పెట్టుకుని అతను హద్దు వెంట నడుస్తాడు. అతను నడిచిందే గీత. అబద్ధపు దారిన నడిస్తే ఆ మట్టిముద్ద విచ్చిపోతుందని జనం నమ్మకం. తెలుగు ఊళ్లలో వెట్టివాళ్లు ఊరి పొలిమేరని కాళ్లతో ఎరిగినవాళ్లే. ఊళ్లోకి రానివ్వని మనిషికే ఊరి అంచు పూర్తిగా తెలుసు.

కరణం కవిలెల్ని లక్ష్మయ్య నకలు రాయించాడు, దుర్భిణిలో కనిపించింది దొర కాయితం మీద గీశాడు. పోయాక ఆ పోగు అంతటినీ కంపెనీ పదివేల పౌన్లు పెట్టి ఆయన భార్య దగ్గర కొన్నది. 1828లో విల్సన్ దానికి పట్టిక అచ్చువేశాడు. తాటాకులు, శాసనాల నకళ్లు, నాణేలు, బొమ్మలు, పటాలు అన్నిటికీ అందులో లెక్కుంది. నెత్తి మీద మట్టిముద్దకి పట్టికలో గది లేదు.

మా మిత్రుల్లో పరిశోధన చేస్తున్నవాళ్లకి ఒక పని ఉంది. చిత్తరువు ముందు నిలబడి ఎంతసేపు చూసినా దానిలో లేని మనిషి కనిపించడు. సర్వేలకి ఖర్చు రాసిన జీతాల పద్దులు, కూలి బిల్లులు, జ్వరాల సెలవులు, చచ్చిపోయినవాళ్ల కుటుంబాలు పెట్టుకున్న అర్జీలు, ఇవి చదవాలి. ఖర్చు రాసేవాడికి కీర్తితో పనిలేదు, రూపాయలతో పని. రూపాయి ఎవరికిచ్చాడో రాయక తప్పదు. అక్కడ పేర్లుంటాయి, ఉన్నచోట వాటిని ఎత్తి రాసుకోవాలి, ఒక్కటీ వదలకుండా. ఆ తర్వాత ఈ బొమ్మని మళ్లీ అచ్చువేసేవాళ్లు కింద రాసే మాటల్లో దొర పేరు, హికీ పేరు, ధర్మయ్య, కిష్ణాజీ, లక్ష్మయ్య పేర్లు రాశాక, ఆ పక్కనే గడ పాతినవాళ్ల పేర్లు కూడా రాయొచ్చు.